వెనకవైపు చూశారా?
కళా ఛాయాచిత్రాలు, ప్రముఖుల చేతిరాత ఉత్తరాల సేకరణపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో వేలంపాటల గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సగం మంది అడిగింది "ఇది అసలుదేనా?" అని. మిగతా సగం "ఇంత పెట్టొచ్చా?" అని. రెండోదానికి మీ పర్సే జవాబు చెప్పాలి, మొదటిదానికి నేను కొంత చెప్పగలను. కొన్నేళ్లు వేలం కేటలాగులకు లాటు (వేలానికి వచ్చే ఒక్కో వస్తువు) వివరాలు రాసినదాన్ని కాబట్టి, ఏ కాగితం చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి చూడటం అలవాటైపోయింది.

ప్ర: మేడమ్, ఒక వేలం కేటలాగులో పెద్ద కలర్ ఫోటో చూసి మనసు పారేసుకున్నాను. దాని కింద "ఎడిషన్ 6లో 4వది, అదనంగా 2 ఏపీలు" అని ఉంది. మా తమ్ముడేమో "ఫోటో అన్నాక ఎన్నైనా ప్రింటు వేసుకోవచ్చు, దానికి అంత డబ్బు పోయడం పిచ్చి" అంటున్నాడు. వాడి మాట వినమంటారా?

జ: మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. నెగెటివో ఫైలో ఉన్నంతకాలం ఎన్ని ప్రింట్లయినా తీయొచ్చు. అందుకే ఎడిషన్ అనే పద్ధతి వచ్చింది. "ఈ బొమ్మను ఈ సైజులో 6 ప్రింట్లకు మించి అమ్మను" అని కళాకారుడు ఇచ్చే మాట అది. ఏపీ అంటే ఆర్టిస్ట్స్ ప్రూఫ్, కళాకారుడు తన కోసం అట్టే పెట్టుకునే ప్రింటు. అవి కూడా ఎప్పుడో ఒకప్పుడు మార్కెట్లోకి వస్తాయి. కాబట్టి కేటలాగులో 6 అని ఉంటే మీరు 8 అని లెక్క వేసుకోండి.

ఆ మాటకు ఎంత విలువ ఉందో చెప్పడానికి అందరూ చూపించే ఉదాహరణ జర్మన్ ఛాయాచిత్రకారుడు ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన ‘రైన్ 2’. 1999 నాటి బొమ్మ. ఒక పచ్చిక పట్టీ, ఒక నీటి పట్టీ, మళ్లీ పచ్చిక, పైన బూడిదరంగు ఆకాశం, అంతే. అవతలి ఒడ్డున ఉన్న కట్టడాన్ని ఆయన కంప్యూటర్లో చెరిపేశాడు కూడా. 2011 నవంబరులో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో అది దాదాపు 43 లక్షల డాలర్లు పలికింది. మొత్తం ప్రింట్లు 6. వాటిలో కొన్ని న్యూయార్క్‌లోని మోమా, లండన్‌లోని టేట్ మోడర్న్ లాంటి మ్యూజియాలకు చేరిపోయాయి. మ్యూజియం గోడ ఎక్కినది మళ్లీ వేలానికి రావడం చాలా అరుదు. మిగిలిన ఒకటీ రెండిటి కోసం కొట్టుకోవాల్సిందే.

ఇప్పుడు మీ తమ్ముడి తరఫున ఒక మాట. విలియం ఎగుల్‌స్టన్ పేరు వినే ఉంటారు, కలర్ ఫోటోను కళగా ఒప్పించినవాళ్లలో ముందువరస మనిషి. ఆయన పాత ప్రింట్లు డై ట్రాన్స్‌ఫర్ అనే పద్ధతిలో చేసినవి. ఆ రంగుల లోతు చూసి తీరాల్సిందే. ఆ పద్ధతికి కావలసిన సరుకు తయారీని కోడాక్ 1990లలో ఆపేసింది. 2012లో ఆయన పాత బొమ్మల్లో కొన్నిటిని పెద్ద సైజులో, డిజిటల్ పద్ధతిలో కొత్తగా ప్రింటు చేసి క్రిస్టీస్‌లో వేలానికి పెట్టారు. 36 ప్రింట్లకు 59 లక్షల డాలర్లు వచ్చాయి. అవే బొమ్మల పాత ప్రింట్లను లిమిటెడ్ ఎడిషన్ అని కొనుక్కున్న ఒక సేకర్తకు ఒళ్లు మండి కోర్టుకెక్కాడు. 2013లో కేసు కొట్టేశారు. సైజు వేరు, పద్ధతి వేరు, కాబట్టి ఇది వేరే ఎడిషన్ అన్నారు. చట్టప్రకారం సరే, కొన్నవాడి కడుపుమంట కూడా నాకు అర్థమవుతుంది.

అందుకని పాట పాడకముందే వేలం సంస్థకు రాసి అడగండి. ఈ బొమ్మ ఇంకే సైజుల్లో ఉంది, ఒక్కో సైజుకు ఎన్ని ప్రింట్లు, ఈ ప్రింటు ఏ ఏడాది తీసింది? బొమ్మ తీసిన ఏడాదీ ప్రింటు తీసిన ఏడాదీ ఒకటే కానక్కర్లేదు. అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయం బొమ్మను దశాబ్దాల పాటు వందలకొద్దీ ప్రింట్లు చేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశం కాస్త లేతగా, మబ్బు చారలతో కనిపిస్తుంది. తర్వాతివాటిలో కటిక నలుపు. ఒకే నెగెటివ్, ఒకే చెయ్యి. ధరలు మాత్రం ప్రింటు ఏ కాలానిదో దాన్నిబట్టే ఉంటాయి.

ఇంకొకటి. ఈమధ్య పెద్ద కలర్ ప్రింట్లను నేరుగా యాక్రిలిక్ (అద్దంలాంటి ప్లాస్టిక్) పలకకు అతికించేస్తున్నారు. కొత్తలో తళతళా మెరిసిపోతుంది. గీత పడితే మాత్రం పలక ఊడదీయడానికి లేదు, తీస్తే ప్రింటు పోతుంది. అలాంటిదైతే పక్కనుంచి వెలుతురు వేసి తీసిన ఫోటోలు పంపమనండి. ఎదురుగా తీసిన ఫోటోలో గీతలు కనపడవు.

ప్ర: ఒక సుప్రసిద్ధ హాలీవుడ్ నటి చేతిరాత ఉత్తరం, సర్టిఫికెట్‌తో సహా అమ్మకానికి ఉంది. సర్టిఫికెట్ ఉంది కదా, ఇక టెన్షన్ పడనక్కర్లేదా?

జ: టెన్షన్ పడాల్సింది ఇప్పుడే. సర్టిఫికెట్ కూడా ఒక కాగితమే కదండీ. దాని మీద సంతకం చేసినవాళ్లు ఎవరు, తేడా వస్తే డబ్బు వెనక్కి ఇస్తామని ఎక్కడైనా రాశారా అన్నదే ముఖ్యం. పెద్ద వేలం సంస్థలు మామూలుగా 5 ఏళ్ల వరకు హామీ ఇస్తాయి, అదీ కేటలాగు శీర్షికలో రాసిన మాటకే. శీర్షికలో "ఫలానావారి ఉత్తరం" అని ఉందా, "ఫలానావారిదిగా భావిస్తున్నది" అని ఉందా చూసుకోండి. ఆ రెండో రకం శీర్షికలు నేనే చాలా రాశాను. సందేహం ఉన్నప్పుడే అలా రాస్తాం.

సినిమావాళ్ల విషయంలో మొదట రావాల్సిన అనుమానం ఫోర్జరీ గురించి కాదు, ఇంట్లోవాళ్ల గురించి. 1930లలో హాలీవుడ్ నటి జీన్ హార్లో అభిమానులకు పంపిన సంతకాల్లో చాలావాటిని పెట్టింది ఆమె తల్లి. మోసం చేద్దామని కాదు, వచ్చిన ఉత్తరాల కుప్ప అలాంటిది. రాజకీయ నాయకులకైతే సెక్రటరీలు, సంతకాన్ని అచ్చంగా గీసిపెట్టే ఆటోపెన్ యంత్రాలు. జాన్ కెనడీ ఉత్తరాల్లో ఇవి రెండూ దండిగా కనిపిస్తాయి. 2022లో గాయకుడు బాబ్ డిలన్ కొత్త పుస్తకం ప్రతులను చేత్తో సంతకం పెట్టినవని చెప్పి ఒక్కోటి 599 డాలర్లకు అమ్మారు. కొన్న అభిమానులు తమ ప్రతుల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకునేసరికి యంత్రం పని బయటపడింది. ప్రచురణకర్తలు డబ్బు తిరిగిచ్చారు, డిలన్ క్షమాపణ చెప్పాడు. మనిషి ఒకే సంతకాన్ని అచ్చుగుద్దినట్టు రెండుసార్లు పెట్టలేడు. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి గీతకు గీత సరిపోయాయంటే అది చెయ్యి కాదు.

ఇక అసలు ఫోర్జరీ సంగతి. రాసే చెయ్యి ఆగదు, బొమ్మలా గీసే చెయ్యి ఆగి ఆగి వెళుతుంది. భూతద్దం పెట్టి అక్షరం మొదలూ చివరా చూడండి. చకచకా రాసినవాళ్ల గీత సన్నగా మొదలై సన్నగా ముగుస్తుంది. చూసి గీసినవాళ్లది మొద్దుగా మొదలై మొద్దుగా ఆగుతుంది, మధ్యలో కలం ఎత్తిన జాడలు ఉంటాయి. దస్తూరి పోల్చేటప్పుడు ఉత్తరాన్ని తలకిందులుగా పెట్టుకోండి. మాటలు చదవబుద్ధి కాదు కాబట్టి ఆకారాలు మాత్రమే కంటికి ఆనుతాయి.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన చోటు మడత. ఎవరైనా ఉత్తరం రాశాకే మడుస్తారు, అక్షరం ముందు, మడత తర్వాత. ఫోర్జరీ చేసేవాడికి పాత కాగితం కావాలి కాబట్టి పాత పుస్తకాల చివరి ఖాళీ పేజీయో, ఎప్పుడో మడిచిన ఖాళీ కాగితమో సంపాదిస్తాడు. మడత దగ్గర కాగితం నారలు అప్పటికే విరిగి ఉంటాయి. అక్కడ తడి సిరా తగిలితే పక్కలకు పాకుతుంది. భూతద్దంలో చూస్తే గీత మడత దాటే చోట సన్నటి మీసాలు మొలిచినట్టు ఉంటుంది. నిజంగా ముందు రాసి తర్వాత మడిచిన ఉత్తరంలో మడత మీద సిరా కాస్త రాలి ఉండొచ్చు కానీ అలా పాకదు. ఒక్క మాట, బాల్‌పెన్ సిరా చిక్కన, ఈ పరీక్షకు లొంగదు. అయితే అక్కడ వేరే పరీక్ష ఉంది. బాల్‌పెన్నులు అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 చివర్లో. 1930ల తారీఖుతో బాల్‌పెన్ ఉత్తరం కనిపిస్తే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

టైపు చేసి కింద సంతకం పెట్టిన ఉత్తరాల విషయంలో ఇంకా జాగ్రత్త. లీ ఇజ్రాయెల్ అనే అమెరికన్ రచయిత్రి 1990ల మొదట్లో పాత టైప్‌రైటర్లు కొని నోయెల్ కవర్డ్, డొరతీ పార్కర్ లాంటి పేరున్న రచయితల పేరుతో దాదాపు 400 ఉత్తరాలు సృష్టించింది. ఎంత బాగా రాసిందంటే, 2007లో వచ్చిన కవర్డ్ ఉత్తరాల సంపుటిలో ఆమె రాసినవి రెండు దూరిపోయాయి! వాళ్లకంటే చమత్కారంగా రాయడం ఆమె పద్ధతి. ఒక ఉత్తరంలో ప్రతి వాక్యమూ గొప్పగా ఉంటే నాకు అనుమానం వస్తుంది. నిజం ఉత్తరాల్లో జలుబు, రైలు టైము, అప్పు, ఆలస్యానికి క్షమాపణ, ఇలాంటివే ఎక్కువ.

ప్ర: అతినీలలోహిత టార్చితో నకిలీని పట్టేయొచ్చని ఎక్కడో చదివాను. నిజమేనా?

జ: కొంతవరకు నిజమే, ఆ టార్చి ఫోటోలకూ ఉత్తరాలకూ రెండిటికీ పనికొస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాగితం తెల్లగా మెరవడానికి కొన్ని రసాయనాలు కలపడం మొదలైంది. చీకటిగదిలో ఆ టార్చి వేస్తే అలాంటి కాగితం నీలిరంగు తెలుపుతో వెలుగుతుంది. అంతకుముందు కాగితం వెలగదు.

1983లో జర్మన్ పత్రిక స్టెర్న్ లక్షల మార్కులు పోసి హిట్లర్ డైరీలు కొన్నామని ప్రకటించింది. అవి కొన్రాడ్ కుజావ్ అనే వ్యక్తి రాసినవి. కాగితంలో ఈ మెరుపు రసాయనం దొరకడంతో గుట్టు రట్టయింది. అంతకుముందు దస్తూరి నిపుణులు అవి నిజమైనవేనన్నారు. కారణం వింటే నవ్వొస్తుంది. పోల్చి చూడటానికి వాళ్లకు ఇచ్చిన హిట్లర్ రాతల్లో కొన్ని కూడా కుజావ్ రాసినవే.

ఫోటోల్లో కూడా ఇదే జరిగింది. బాలకార్మికుల ఫోటోలతో పేరు తెచ్చుకున్న లూయిస్ హైన్ 1940లో చనిపోయాడు. ఆయన బతికుండగా చేసిన ప్రింట్లని అమ్మినవాటిలో కొన్ని 1990ల చివర్లో పరీక్షకు వస్తే, కాగితంలో ఈ రసాయనం ఉన్నట్టు తేలింది. ఫోటో కాగితంలోకి అది వచ్చింది 1950లలో. చనిపోయాక పదేళ్లకు తయారైన కాగితం మీద ఆయన ప్రింటు ఎలా చేస్తాడు?

వెలిగితే పాతది కాదని చెప్పొచ్చు. వెలగకపోతే మాత్రం ఏమీ తేలనట్టే. పాత ఖాళీ కాగితాలు దొరుకుతాయి, వెలగని కొత్త కాగితాలూ ఉన్నాయి. టార్చి కళ్లలోకి వేసుకోకండి, కాగితం మీద కూడా రెండు మూడు క్షణాలు చాలు.

ప్ర: ఒకే మనిషి రాసిన రెండు ఉత్తరాలు. ఒకటి పదిరెట్లు ఎక్కువ ధర. రెండూ చేతిరాతే, రెండిటి మీదా సంతకం ఉంది. ఎందుకిలా?

జ: లోపల ఏముందో చూడండి. "మీ ఉత్తరం అందింది, ధన్యవాదాలు" అని ఐన్‌స్టీన్ రాసినా అది మర్యాద ఉత్తరమే. ఆయనే 1954లో దేవుడి మీద, మతం మీద తన అభిప్రాయం కుండబద్దలు కొట్టినట్టు రాసిన ఉత్తరం 2018లో క్రిస్టీస్‌లో దాదాపు 29 లక్షల డాలర్లకు పోయింది. నాకు అంతకన్నా ఇష్టమైనది శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ ఉత్తరం. 1953 మార్చిలో, హాస్టల్ స్కూల్లో చదువుకుంటున్న 12 ఏళ్ల కొడుకు మైకేల్‌కు ఏడు పేజీల్లో డీఎన్ఏ నిర్మాణం గురించి బొమ్మ గీసి మరీ వివరించాడు. ప్రపంచానికి ఆ సంగతి ‘నేచర్’ పత్రికలో తెలిసింది ఏప్రిల్లో. పిల్లాడికి నెల ముందే తెలిసిపోయింది.

ఎవరికి రాశారన్నదీ లెక్కే, ఎక్కడ రాశారన్నదీ లెక్కే. 1922లో టోక్యో హోటల్లో కుర్రాడికి టిప్పు ఇవ్వడానికి చిల్లర లేక ఐన్‌స్టీన్ హోటల్ కాగితం మీద రెండు మాటలు రాసిచ్చాడు. హడావుడి పరుగుకన్నా నెమ్మదైన సాదా బతుకే సుఖమని దాని సారాంశం. 2017లో జెరూసలేంలో దానికి 15 లక్షల డాలర్ల పైన పలికింది. ఆ కాగితం కథే దాని ధర.

ప్ర: వేలంలో 1,000కి పాట ఆగితే 1,000 కడితే సరిపోతుందా? తర్వాత అమ్మితే లాభం వస్తుందా?

జ: సరిపోదు. సుత్తి పడిన ధర మీద కొన్నవాళ్ల కమిషన్ ఉంటుంది, సుమారు 25 శాతం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, భారీ ధరల మీద తక్కువ. పన్నులు, రవాణా, బీమా వేరే. క్రిక్ ఉత్తరం సుత్తి పడింది 53 లక్షల డాలర్ల దగ్గర, కొన్నవాళ్లు కట్టింది 60 లక్షల పైమాటే. మీ 1,000 అలా 1,250 అవుతుంది. రేపు మీరు అమ్మేటప్పుడు అమ్మినవాళ్ల కమిషన్ మరో 10, 15 శాతం పోతుంది. అంటే మీరు 1,000కి పాడిన వస్తువు మళ్లీ 1,400 పైన పలికితే గానీ మీ అసలు మీకు రాదు. లాభం కోసమే అయితే వేరే దారులు చూసుకోండి, వాటికి నన్ను అడక్కండి.

ప్ర: నేను వేలంలో ఒక రచయిత ఉత్తరాలు కొన్నాను. నావే కాబట్టి పుస్తకంగా అచ్చు వేయొచ్చా?

జ: కాగితం మీది, రాతలోని హక్కు మీది కాదు. అది రాసినవారిది, వారి తర్వాత వారసులది. చాలా దేశాల్లో రచయిత పోయాక 50 నుంచి 70 ఏళ్ల వరకు నడుస్తుంది. అమెరికన్ నవలాకారుడు జె.డి. శాలింజర్ బతికుండగానే, లైబ్రరీల్లో ఉన్న తన ఉత్తరాలను జీవితచరిత్రలో వాడుకోకుండా 1987లో కోర్టు ద్వారా అడ్డుకున్నాడు. 1999లో ఆయన రచయిత్రి జాయిస్ మేనార్డ్‌కు రాసిన 14 ఉత్తరాలు సథబీస్ వేలంలో 1,56,500 డాలర్లకు పోతే, కొన్న సాఫ్ట్‌వేర్ వ్యాపారి పీటర్ నార్టన్ వాటిని శాలింజర్‌కే తిరిగిచ్చేస్తానన్నాడు. ఫోటోకైనా ఇదే పద్ధతి. గోడకు తగిలించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. క్యాలెండర్ వేయడానికి మాత్రం అనుమతి కావాలి.

ప్ర: ఉత్తరం చిరగకుండా లామినేషన్ చేయించి, ఫోటోతో పాటు హాల్లో కిటికీ ఎదురుగా పెడదామనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.

జ: లామినేషన్ వద్దు, టేపు వద్దు, జిగురు వద్దు. లామినేషన్ చేసిన ఉత్తరం వేలంలో దాదాపు దేనికీ పనికిరాదు. ఆమ్లం లేని కాగితం మధ్య గానీ, పాలిస్టర్ కవరులో గానీ పెట్టండి. మామూలు పీవీసీ కవర్లు కాలక్రమంలో సిరాను లాగేస్తాయి.

కిటికీ ఎదురుగోడ అసలు వద్దు. సిరా, కలర్ ప్రింటు, రెండూ వెలుతురుకు బలయ్యేవే. మ్యూజియాలు ఇలాంటివాటిని 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర, అదీ కొన్ని నెలలే ప్రదర్శిస్తాయి. ఆ గదిలోకి వెళితే ముందు చీకటిగా అనిపించేది అందుకే. కలర్ ప్రింట్లలో ఎక్కువభాగం చీకటిలో పెట్టినా నెమ్మదిగా వెలుస్తాయి, కాబట్టి వేడి తగలని చోటు చూడండి. ఫ్రేము కట్టించేటప్పుడు ప్రింటు అద్దానికి ఆనకుండా మధ్యలో మౌంటు (అంచుల చుట్టూ వచ్చే అట్ట) వేయించండి. కొన్నాళ్లయ్యాక ఆ మౌంటు ఎత్తి అంచు రంగుతో మధ్యరంగు పోల్చితే ఎంత వెలిసిందో తెలుస్తుంది. కొనేముందు కూడా ఇదే పరీక్ష చేయించండి, చాలామంది అడగరు.

రసీదు, కేటలాగు పేజీ, పాత ఫ్రేము వెనక ఉన్న గ్యాలరీ లేబుల్ ఏవీ పారేయకండి. ఫ్రేము మార్చేవాళ్లు లేబుల్‌ను చెత్తబుట్టలో వేస్తారు, పక్కనే నిలబడి అడిగి తీసుకోండి. వాటన్నిటినీ వస్తువు వెనక అంటించకుండా విడిగా ఒక కవరులో పెట్టి, ఆ కవరు మీద లాటు నంబరు పెన్సిలుతో రాసుకోండి.